మా అమ్మాయిది పద్దెనిమిదో జిల్లాట!

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

విదేశాల్లో స్థిరపడిన పిల్లల ఊళ్ళ గురించి, అక్కడి పాలన గురించి మాకు ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. ఈ నెల వచ్చినవి వేరువేరు చోట్ల నుంచి రాసినవే అయినా, వాటిలో చాలావరకు అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో ఎడిసన్ చుట్టూ ఉన్న ఒకే ఒక శాసనసభా నియోజకవర్గాన్ని గురించినవి. అందుకని వాటిని ఒకచోట చేర్చి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు ఎడిసన్‌లో ఇల్లు కొనుక్కున్నారు. కిందటేడు పౌరసత్వం కూడా వచ్చింది. ఎన్నికల కాగితం ఒకటి ఇంటికి వచ్చిందని, అందులో తమది 18వ డిస్ట్రిక్ట్ అని ఉందని అమ్మాయి ఫోనులో చెప్పింది. ఇంతకుముందు మిడిల్‌సెక్స్ కౌంటీ అని చెప్పేది. జిల్లా మారిపోయిందా అండీ? (తెనాలి నుంచి ఒక తల్లి)

జవాబు: జిల్లా మారలేదమ్మా, మాట దగ్గరే చిక్కు వచ్చింది. డిస్ట్రిక్ట్ అనగానే మనకు కలెక్టరు, కలెక్టరేటు గుర్తుకు వస్తాయి గాని, అమెరికాలో ఆ మాటకు ఏదో ఒక పని కోసం గీత గీసి వేరు చేసిన ప్రాంతమని మాత్రమే అర్థం. బడుల నిర్వహణకు గీసినది స్కూల్ డిస్ట్రిక్ట్, దేశ ప్రతినిధుల సభకు సభ్యుణ్ణి ఎన్నుకోవడానికి గీసినది కాంగ్రెస్ డిస్ట్రిక్ట్, రాష్ట్ర చట్టసభలకు ఎన్నుకోవడానికి గీసినది లెజిస్లేటివ్ డిస్ట్రిక్ట్. మీ అమ్మాయి ఇల్లు ఒక్కటే అయినా ఈ మూడింటిలోనూ ఉంటుంది, మూడింటి సరిహద్దులూ వేరు. మన జిల్లాకు కాస్త దగ్గరగా వచ్చేది కౌంటీ. కాబట్టి గుంటూరు జిల్లాలో తెనాలి నియోజకవర్గం ఉన్నట్టుగా మిడిల్‌సెక్స్ కౌంటీలో 18వ నియోజకవర్గం ఉందనుకోండి, సరిపోతుంది.

ఒక తేడా మాత్రం ఉంది. మన నియోజకవర్గానికి ఊరి పేరు ఉంటుంది; అక్కడ అంకె ఒక్కటే. న్యూజెర్సీలో ఇలాంటివి 40. అంకెకు ఊరు లేకపోవడం వల్ల, అక్కడ ఏళ్ళ తరబడి ఉంటున్నవారిని కూడా మీది ఎన్నో నియోజకవర్గమని అడిగితే తడుముకుంటారు. ఏ ఊరని అడిగితే మాత్రం ఠక్కున చెబుతారు. మీ అమ్మాయి కూడా ఇన్నాళ్ళూ ఎడిసన్ అనే చెప్పి ఉంటుంది.

18వ నియోజకవర్గంలో ఏడు ఊళ్ళున్నాయి: ఎడిసన్, ఈస్ట్ బ్రన్స్‌విక్, సౌత్ ప్లెయిన్‌ఫీల్డ్, సౌత్ రివర్, హైలాండ్ పార్క్, మెటచన్, హెల్మెటా. వీటిలో ఎడిసన్ ఒక్కటే దాదాపు సగం. 2020 జనాభా లెక్కల్లో అక్కడ 1,07,588 మంది ఉన్నారు. 1954 వరకు దాని పేరు రారిటన్ టౌన్‌షిప్ (టౌన్‌షిప్ అంటే అక్కడ ఒక రకం మునిసిపాలిటీ). థామస్ ఎడిసన్ ఫోనోగ్రాఫును, విద్యుద్దీపాన్ని తయారు చేసిన మెన్లో పార్క్ ప్రయోగశాల అక్కడే ఉండేది గనుక ఆయన పేరు పెట్టుకున్నారు. మొన్నమొన్నటి దాకా, అంటే 2004 వరకు, ఫోర్డు కార్ల కర్మాగారం కూడా ఉండేది. 2010 లెక్కల నాటికే ఆ ఊరిలో నూటికి 28 మంది భారతీయ మూలాలున్నవారు. న్యూయార్క్‌కు పోయే రైలు మార్గం ఊరి మధ్యగా వెళ్ళడం, ఉద్యోగాలు, మంచి బడులు, తర్వాత తర్వాత మనవాళ్ళు ఉన్నచోటికే మనవాళ్ళు రావడం దీనికి కారణాలు.

రారిటన్ నది నియోజకవర్గాన్ని రెండుగా చేస్తుంది. ఉత్తరాన ఎడిసన్‌తో పాటు మెటచన్, హైలాండ్ పార్క్, సౌత్ ప్లెయిన్‌ఫీల్డ్ ఉన్నాయి. మెటచన్ రైలు స్టేషను, దాని పక్కన నడిచి తిరగగలిగే బజారు వీధి ఉన్న చిన్న ఊరు. హైలాండ్ పార్క్‌కు నదికి అవతలి ఒడ్డున న్యూ బ్రన్స్‌విక్, రట్గర్స్ విశ్వవిద్యాలయం ఉన్నాయి గనుక అధ్యాపకులు, పరిశోధక విద్యార్థులు ఎక్కువ. యూదుల కుటుంబాలు కూడా చాలా ఉన్నాయి. నదికి దక్షిణాన ఉన్న ఈస్ట్ బ్రన్స్‌విక్ దాదాపు యాభై వేల జనాభాతో ఎడిసన్ తర్వాత పెద్దది. అక్కడ రైలు స్టేషను లేదు. 18వ నంబరు రహదారి పక్కన కారు నిలిపి బస్సెక్కి న్యూయార్క్ ఉద్యోగాలకు వెళ్ళేవారి ఊరది. దాన్ని ఆనుకున్న సౌత్ రివర్‌కు ఒకప్పుడు పోలండ్, హంగరీ, రష్యాల నుంచి, ఆ తర్వాత పోర్చుగల్, బ్రెజిల్ నుంచి వలసలు వచ్చాయి. ఎడిసన్ అంటే మన దుకాణాలే గుర్తుకు వచ్చేవారికి సౌత్ రివర్‌లోని రొట్టెల దుకాణాలు వేరే దేశంలా అనిపిస్తాయి, అయినా రెండూ ఒకే నియోజకవర్గం.

ప్రశ్న: ఓక్ ట్రీ రోడ్డు మీద ఈ చివర నగల దుకాణం ఒక నియోజకవర్గంలోనూ, కాస్త దూరం పోతే మిఠాయి దుకాణం మరొక నియోజకవర్గంలోనూ ఉన్నాయని తెలిసి ఆశ్చర్యపోయాను. బజారంతా ఒకటే కదా, ఇలా కోయడం ఎందుకు? మెటచన్ అయితే ఎడిసన్ నడిబొడ్డున గారెకు చిల్లు పెట్టినట్టు ఉంది. ఈ పటం ఎవరు గీశారు? (ఎడిసన్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీరు చూసింది నిజమే. ఓక్ ట్రీ రోడ్డులో ఎడిసన్ వైపు భాగం 18లోనూ, ఇజలిన్ వైపు భాగం 19లోనూ ఉన్నాయి. ఇజలిన్ అందరి నోళ్ళలో నానే పేరే అయినా దానికి సొంత పాలకవర్గం లేదు. అది వుడ్‌బ్రిడ్జ్ టౌన్‌షిప్‌లో ఒక ప్రాంతం మాత్రమే. వుడ్‌బ్రిడ్జ్ 19వ నియోజకవర్గంలోది గనుక ఇజలిన్ కూడా అటే పోయింది. 2018 జనవరి నుంచి రాష్ట్ర దిగువ సభకు, అంటే అసెంబ్లీకి, స్పీకరుగా ఉన్న క్రెగ్ కాఫ్లిన్ ఎన్నికైనది ఆ 19 నుంచే.

ఈ కోతకు కారణం రాష్ట్ర రాజ్యాంగంలో ఉంది. రాష్ట్ర జనాభాలో నలభయ్యో వంతుకు మించి జనం ఉంటే తప్ప, జనాభా సమానతకు తప్పనిసరి అయితే తప్ప, ఏ మునిసిపాలిటీనీ రెండు నియోజకవర్గాల మధ్య చీల్చకూడదని అందులో రాశారు. ఆ కొలతకు మించిన నగరాలు నూఅర్క్, జెర్సీ సిటీ రెండే. మిగిలిన ప్రతి ఊరినీ ఇటుకలా చెక్కుచెదరకుండా ఏదో ఒక నియోజకవర్గంలో పెట్టాలి. పైగా న్యూజెర్సీలో ఏ మునిసిపాలిటీకీ చెందని నేల జానెడు కూడా లేదు. రాష్ట్రం మొత్తం 564 ఊళ్ళుగా పంచబడి ఉంది. అంటే పటం గీసేవారు కత్తితో కోయడం కన్నా ఇటుకలు పేర్చడమే ఎక్కువగా చేస్తారన్నమాట. బజారు కలిసి ఉందా విడిపోయిందా అన్నది ఆ నియమానికి కనబడదు, ఊరి పొలిమేర ఒక్కటే కనబడుతుంది.

మెటచన్ సంగతి ఇంకా పాతది. 19వ శతాబ్దం చివర, ముఖ్యంగా 1890లలో, న్యూజెర్సీలో విడిపోవడం ఒక జ్వరంలా పట్టుకుంది. బడికి పన్ను మా ప్రాంతానికే ఖర్చు కావాలని, రైలు స్టేషను దగ్గరి వీధులకు దీపాలు, రోడ్లు మేమే వేసుకుంటామని, పొలాల రైతులతో మాకు సంబంధం లేదని పెద్ద టౌన్‌షిప్‌ల నుంచి బరోలనే చిన్న చిన్న మునిసిపాలిటీలు చీలిపోయాయి. హెల్మెటా 1888లోనూ, సౌత్ రివర్ 1898లోనూ ఈస్ట్ బ్రన్స్‌విక్ నుంచి వేరుపడ్డాయి. మెటచన్ 1900లో, హైలాండ్ పార్క్ 1905లో రారిటన్ టౌన్‌షిప్ నుంచి, అంటే నేటి ఎడిసన్ నుంచి వేరుపడ్డాయి. సౌత్ ప్లెయిన్‌ఫీల్డ్ కాస్త ఆలస్యంగా 1926లో పిస్కాటవే నుంచి వచ్చింది. మెటచన్‌కు నాలుగు వైపులా మిగిలిపోయిన టౌన్‌షిప్పే నేటి ఎడిసన్ గనుక మీకు గారె చిల్లు కనిపిస్తోంది.

నాకు ముచ్చటగా తోచే విషయం ఒకటుంది. బడి ఖర్చుల కోసం, వీధి దీపాల కోసం తగవుపడి వేరు కాపురాలు పెట్టిన మెటచన్, హైలాండ్ పార్క్, ఎడిసన్‌లు ఇప్పుడు ఓటు దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ ఒకే కప్పు కింద ఉన్నాయి. నదికి అవతల ఈస్ట్ బ్రన్స్‌విక్, దాని నుంచి విడిపోయిన సౌత్ రివర్, హెల్మెటాలది కూడా అదే కథ. పటం గీసినవారు జనాభా లెక్క చూసి ఇటుకలు పేర్చారేగాని చరిత్ర చూసి కాదు. ఓక్ ట్రీ రోడ్డు వర్తకులకు ఇద్దరు మేయర్లు, రెండు జట్ల శాసనసభ్యులు ఉండటం ఇబ్బందే. అయినా, ఎవరికి ఓటు పడుతుందో చూసుకుని వీధి వీధినీ వంకర టింకరగా కోసే పద్ధతి అమెరికాలోనే వేరేచోట్ల ఎంత చెడ్డపేరు తెచ్చుకుందో తెలిసినవారు ఈ ఇటుకల నియమాన్నే మేలనుకుంటారు. మా అభిప్రాయం కూడా అదే.

ప్రశ్న: మా శేరిలింగంపల్లి నియోజకవర్గంలో ఓటర్లు ఏడు లక్షలు దాటారు. మా ఎమ్మెల్యేను కలవాలంటే తిరునాళ్ళలో మనిషిని వెతికినట్టే ఉంటుంది. అక్కడి శివారు ఊళ్ళలో కూడా ఇలాగే పెరుగుతుందా, లేక ఏదైనా కట్టడి ఉందా? (చందానగర్, హైదరాబాద్ నుంచి ఒక విశ్రాంత ఉద్యోగి)

జవాబు: శివారు ఊళ్ళు ఎక్కడైనా పెరుగుతాయి. పెరిగినప్పుడు గీత జరిగిందా లేదా అన్నదే తేడా. న్యూజెర్సీలో పదేళ్ళకొకసారి జనాభా లెక్కలు రాగానే గీత జరపడం తప్పనిసరి. 2020 లెక్కల ప్రకారం రాష్ట్ర జనాభా 92,88,994. దాన్ని 40తో భాగిస్తే నియోజకవర్గానికి రమారమి 2,32,000 వస్తుంది. 18లోని ఏడు ఊళ్ళ జనాభా కూడితే 2,30,335. నూటికి ఒకటి కూడా తేడా లేదు. ఇటుకలు విరగ్గొట్టకుండా ఇంత సమంగా పేర్చగలిగారంటే చిన్న ఊళ్ళు ఉండబట్టే. 2,455 మంది ఉన్న హెల్మెటా లాంటివి సందుల్లో కూర్చే చిప్పరాళ్ళలా పనికివస్తాయి.

గీత జరిపేది శాసనసభ కాదు. రెండు పెద్ద పార్టీల రాష్ట్ర అధ్యక్షులు చెరి అయిదుగురిని నియమించిన పది మంది సంఘం ఆ పని చేస్తుంది. అయిదుకు అయిదు పట్టుబట్టి తేలకపోతే రాష్ట్ర సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదకొండో మనిషిని నియమిస్తారు. ఇప్పుడు అమలులో ఉన్న పటం 2022 ఫిబ్రవరిలో ఖరారై 2023 ఎన్నికల నుంచి పనిచేస్తోంది.

ఇదంతా మొదటి నుంచీ ఇంత చక్కగా ఉందనుకోకండి. 1960ల నడిమి దాకా న్యూజెర్సీ ఎగువ సభ అయిన సెనేటులో కౌంటీకి ఒక్కరు, జనాభాతో పనిలేదు. 1960 లెక్కల్లో కేప్ మే కౌంటీలో 48,555 మంది, ఎసెక్స్ కౌంటీలో 9,23,545 మంది ఉండేవారు. రెండింటికీ చెరొక సెనేటరే. పల్లెల కౌంటీల చేతిలో సెనేటు ఉన్నంతకాలం నగరాల, శివార్ల మాట చెల్లలేదు. చట్టసభ స్థానాలకు జనాభాయే కొలత కావాలని 1964లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పాక, 1966లో రాజ్యాంగ సవరణకు ప్రత్యేక సమావేశం జరిపి 40 మంది సెనేటర్లు, 80 మంది దిగువ సభ సభ్యులు అన్న లెక్కకు వచ్చారు. శివారు ఊళ్ళకు బలం వచ్చింది అప్పటి నుంచే.

ఇక మనది. 2008లో మన నియోజకవర్గాలు పునర్విభజన అయినప్పుడు తీసుకున్నది 2001 జనాభా లెక్క. శేరిలింగంపల్లి అప్పుడే పుట్టింది, 2009లో తొలి ఎన్నిక చూసింది. ఆ తర్వాత హైటెక్ సిటీ, గచ్చిబౌలి, మియాపూర్‌లు ఎంత పెరిగినా గీత కదలలేదు, ఎందుకంటే 2026 తర్వాత జరిగే మొదటి జనాభా లెక్కలు వచ్చేదాకా సరిహద్దులు ముట్టుకోకూడదని రాజ్యాంగ సవరణ ఉంది. ఫలితంగా 2023 తెలంగాణ ఎన్నికల నాటికి శేరిలింగంపల్లిలో ఏడు లక్షల పైచిలుకు ఓటర్లు ఉంటే భద్రాచలంలో లక్షన్నర కూడా లేరు. భద్రాచలం ఓటు శేరిలింగంపల్లి ఓటుకు నాలుగైదు రెట్లు బరువన్నమాట. మన్యంలో దూరాలు, దారులు చూస్తే అక్కడ తక్కువ మంది ఉండటానికి కొంత న్యాయముందని వాదించవచ్చు గాని, ఇంత తేడా న్యాయం చూసి పెట్టినది కాదు, కాలం గడిచి ఏర్పడినది. మీ తిరునాళ్ళ పోలిక చాలా సముచితంగా ఉంది.

ప్రశ్న: మేము హెచ్‌-1బీ వీసా మీద సౌత్ ప్లెయిన్‌ఫీల్డ్‌లో తొమ్మిదేళ్ళుగా ఉంటున్నాం. పన్నులన్నీ కడతాం, ఓటు లేదు. మరి ఈ నియోజకవర్గం లెక్కలో మేము ఉన్నట్టా లేనట్టా? (ఒక పాఠకురాలు)

జవాబు: లెక్కలో ఉన్నారు, ఓటులో లేరు. నియోజకవర్గాలకు కొలత ఓటర్ల సంఖ్య కాదు, నివసించేవారందరి సంఖ్య. పైన చెప్పిన 2,30,335లో వీసా మీద ఉన్నవారు, గ్రీన్ కార్డు ఉన్నవారు, పసిపిల్లలు అందరూ ఉన్నారు. ఓటు లేనివారిని లెక్కించడం తగదని టెక్సస్ నుంచి ఒక వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. మొత్తం జనాభాను కొలతగా తీసుకోవచ్చని 2016లో కోర్టు చెప్పింది. కాబట్టి వలస కుటుంబాలు ఎక్కువ ఉన్న నియోజకవర్గంలో గెలిచినవారు తమకు ఓటు వేయని, వేయలేని వేలమందికి కూడా ప్రతినిధులే. ఈ మాట వారికి అప్పుడప్పుడు గుర్తు చేయడంలో తప్పులేదు.

ఏ పనికి ఎవరి దగ్గరికి వెళ్ళాలో తెలిస్తే సగం శ్రమ తగ్గుతుంది. వీసా, గ్రీన్ కార్డు విషయాలు దేశ ప్రభుత్వానివి, వాటికి కాంగ్రెస్ సభ్యుల కార్యాలయం. డ్రైవింగ్ లైసెన్సు, నిరుద్యోగ భృతి, రాష్ట్ర పన్ను వాపసు వంటివి ఆగిపోతే 18వ నియోజకవర్గపు సెనేటరు లేదా అసెంబ్లీ సభ్యుల కార్యాలయానికి రాయవచ్చు. చెత్త బండి రాకపోయినా, వీధిలో నీరు నిలిచినా మీ బరో కార్యాలయమే. బడి విషయాలకు స్కూల్ బోర్డు వేరే ఉంది. మునిసిపల్ కౌన్సిలు, స్కూల్ బోర్డు సమావేశాల్లో ప్రజలు మాట్లాడటానికి కొంత సమయం కేటాయించాలని రాష్ట్ర చట్టం చెబుతోంది. పౌరసత్వం లేదని మొహమాటపడి ఇంట్లో కూర్చోనక్కరలేదు.

రెండు జాగ్రత్తలు మాత్రం తప్పనిసరి. వీసా మీద ఉన్నవారు ఏ స్థాయి ఎన్నికలోనైనా అభ్యర్థికి చందా ఇవ్వడం చట్టవిరుద్ధం. గ్రీన్ కార్డు వచ్చాక ఇవ్వవచ్చు. పరిచయస్తుడు పోటీ చేస్తున్నాడని విందుకు టికెట్టు కొన్నా అది చందాయే. రెండోది, లైసెన్సు కార్యాలయంలో ఓటరు నమోదు కూడా కలిసి జరుగుతుంది గనుక ఆ కాగితాలను చదవకుండా సంతకం పెట్టకండి. పౌరులు కానివారు పొరపాటున ఓటరుగా నమోదైనా, తర్వాత పౌరసత్వం దరఖాస్తు దగ్గర పెద్ద చిక్కు అవుతుంది.

ప్రశ్న: న్యూజెర్సీ అసెంబ్లీకి మా నెల్లూరు వారు ఒకరు ఎన్నికయ్యారని మా నాన్నగారు అనేవారు. నిజమేనా? ఎడిసన్ నుంచేనా? (నెల్లూరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: నిజమే, అయితే ఎడిసన్ నుంచి కాదు. ఆయన ఉపేంద్ర చివుకుల. 1950లో నెల్లూరులో పుట్టి, మద్రాసులో గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, అమెరికా వెళ్ళి ఇంజనీరుగా పనిచేశారు. సోమర్‌సెట్ కౌంటీలోని ఫ్రాంక్లిన్ టౌన్‌షిప్‌లో కౌన్సిల్ సభ్యుడిగా, మేయరుగా చేశాక 2001 ఎన్నికల్లో 17వ నియోజకవర్గం నుంచి అసెంబ్లీకి గెలిచి 2002 జనవరి నుంచి 2014 దాకా సభ్యుడిగా ఉన్నారు. న్యూజెర్సీ అసెంబ్లీకి ఎన్నికైన మొదటి భారతీయ అమెరికన్ ఆయనే. ఉపసభాపతి పదవి కూడా చేశారు. సౌర విద్యుత్తును ప్రోత్సహించే చట్టాల వెనుక ఆయన శ్రమ ఉంది. 2014లో రాష్ట్ర ప్రజావసరాల బోర్డులో సభ్యత్వం రావడంతో సభ నుంచి తప్పుకున్నారు.

ఆయన నియోజకవర్గమైన 17 కూడా 18కి పక్కనే. ఫ్రాంక్లిన్‌తో పాటు న్యూ బ్రన్స్‌విక్, నార్త్ బ్రన్స్‌విక్, పిస్కాటవే, మిల్‌టౌన్‌లు అందులోవి. భారతీయులు అత్యధికంగా ఉన్న ఎడిసన్‌ను వదిలి పక్క నియోజకవర్గం నుంచి మొదటి మనిషి రావడం చిత్రంగా తోచవచ్చు. ఊరి కౌన్సిలులో, పార్టీ వార్డు సంఘాల్లో ఏళ్ళ తరబడి కూర్చున్నవారికే అక్కడ అసెంబ్లీ టికెట్టు దక్కుతుంది. జనసంఖ్య దానంతట అది సీటు తెచ్చిపెట్టదు. ఎడిసన్‌కు భారతీయ మూలాలున్న తొలి మేయరుగా శామ్ జోషి 2022 జనవరిలో గాని రాలేదు. 18వ నియోజకవర్గపు అసెంబ్లీ స్థానాల్లో ఒకదానిలో 2021 నుంచి స్టెర్లీ స్టాన్లీ ఉన్నారు, ఆయన భారతీయ సంతతివారు, తెలుగువారు కారు.

ప్రశ్న: ఒక నియోజకవర్గానికి ముగ్గురు ప్రతినిధులు ఎందుకు? ఎన్నికలు ఎప్పుడు జరుగుతాయి? (విజయవాడ నుంచి రాజనీతిశాస్త్ర విద్యార్థి)

జవాబు: ప్రతి నియోజకవర్గం నుంచి ఎగువ సభకు ఒక సెనేటరు, దిగువ సభకు ఇద్దరు సభ్యులు. అసెంబ్లీకి ప్రతి ఓటరూ ఇద్దరికి ఓటు వేస్తారు. ఎక్కువ ఓట్లు వచ్చిన మొదటి ఇద్దరూ గెలుస్తారు. 2023లో 18 నుంచి గెలిచినవారిని చూస్తే సెనేటరు పాట్రిక్ డిగ్నన్‌ది సౌత్ ప్లెయిన్‌ఫీల్డ్, అసెంబ్లీ సభ్యుల్లో రాబర్ట్ కరబిన్‌చాక్‌ది ఎడిసన్, స్టాన్లీది ఈస్ట్ బ్రన్స్‌విక్. మూడు పెద్ద ఊళ్ళకు తలా ఒకరు. ఇది చట్టంలో లేదు, పార్టీ సర్దుబాటు. మన దగ్గర మండలానికొకరికి పదవి ఇచ్చినట్టే.

ఎన్నికలు బేసి సంవత్సరాల్లో, నవంబరులో జరుగుతాయి; అధ్యక్ష ఎన్నిక ఉండదు గనుక పోలింగు తక్కువ. అసెంబ్లీకి రెండేళ్ళకొకసారి. సెనేటుది 2, 4, 4 ఏళ్ళ లెక్క: దశాబ్దపు మొదటి గడువు రెండేళ్ళే, కొత్త గీతల మీద త్వరగా ఎన్నిక జరగాలని. ఆ ప్రకారం సెనేటుకు 2021, 2023లో జరిగాయి, తర్వాతది 2027. ఈ ప్రాంతం డెమొక్రాట్లది గనుక అసలు పోటీ జూన్‌లో పార్టీ లోపల జరిగే ప్రాథమిక ఎన్నికలో ఉంటుంది. కౌంటీ పార్టీ మెచ్చినవారందరినీ బ్యాలెట్టుపై ఒకే వరుసలో పెట్టే పాత ఆచారం ఒకటి ఉండేది. ఆ వరుసలో లేనివారు మూలకు పోయేవారు. 2024లో దేశ న్యాయస్థానం దాన్ని తప్పుబట్టాక బ్యాలెట్టు రూపమే మారింది. కొత్తవారికి ఇది మేలు చేస్తుందని మేము అనుకుంటున్నాం.

ప్రశ్న: ఈస్ట్ బ్రన్స్‌విక్‌లో మా ఇంటి పన్ను చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి. మా అసెంబ్లీ సభ్యుడు దీన్ని తగ్గించలేరా? (ఒక పాఠకుడు)

జవాబు: నేరుగా తగ్గించలేరు. మీ బిల్లులో మూడు ముఖ్య భాగాలుంటాయి: బడి, ఊరు, కౌంటీ. వాటిని స్కూల్ బోర్డు, టౌన్‌షిప్ కౌన్సిలు, కౌంటీ కమిషనర్లు వేరువేరుగా నిర్ణయిస్తారు. ఈ కమిషనర్లనే 2020 చివరి దాకా ఫ్రీహోల్డర్లని పిలిచేవారు. భూమి ఉన్నవాడికే ఓటున్న నాటి పేరది. రాష్ట్రవ్యాప్తంగా చూస్తే పన్నులో సగానికి పైగా బడులకే పోతుంది. ఆ సగటు బిల్లు 2024లో ఏడాదికి పది వేల డాలర్లు దాటింది, అమెరికాలో ఇంతకన్నా ఎక్కువ మరెక్కడా లేదు. ఇన్ని చిన్న ఊళ్ళకు ఇన్ని పోలీసు విభాగాలు, ఇన్ని బడి కార్యాలయాలు ఉంటే ఖర్చు పెరగక ఏమవుతుంది? 1890ల నాటి వేరు కాపురాల బాడుగ ఇప్పటికీ మీరే కడుతున్నారు.

అయితే శాసనసభ్యుల చేతిలో పక్కదారిన పెద్ద తాళంచెవే ఉంది. రాష్ట్రం ఏ ఊరి బడికి ఎంత సహాయం ఇవ్వాలో చెప్పే సూత్రం 2008 చట్టంలోది. ఆ సహాయం తగ్గితే ఆ మేరకు ఇంటి పన్ను పెరుగుతుంది. పన్ను వసూలు ఏడాదికి రెండు శాతానికి మించి పెంచకూడదన్న పరిమితి, కొన్ని మినహాయింపులతో, 2010లో సభ చేసినదే. ఇంటి పన్ను భారం తగ్గించడానికి ఇచ్చే ఆంకర్ సహాయాన్ని, అంటే ఇంటి యజమానులకు ఆదాయాన్ని బట్టి వెయ్యి లేదా పదిహేను వందల డాలర్లను, ఏటా బడ్జెట్టులో సభే మంజూరు చేస్తుంది. బడ్జెట్టు జూన్ 30 లోపు ముగియాలి. ఏప్రిల్, మే నెలల్లో రాసిన ఉత్తరానికి ఉన్న విలువ జూలైలో రాసినదానికి ఉండదు.

ప్రశ్న: హెల్మెటా అన్న పేరు వింతగా ఉంది. హెల్మెట్లేమైనా చేసేవారా? (మంగళగిరి నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: హెల్మెట్లు కావు, నశ్యం! జార్జ్ వాషింగ్టన్ హెల్మ్ అనే వ్యాపారి అక్కడ పొగాకు నశ్యం మిల్లు నడిపాడు. పనివారికి ఇళ్ళు కట్టించాడు, ఊరు ఏర్పడింది. తన ఇంటిపేరుకు కూతురు ఎటా పేరు కలిపితే హెల్మెటా అయింది. గుంటూరు సీమ వారికి పొగాకు పేరుతో ఊళ్ళు బతకడం కొత్త కాదు గాని, ముక్కుపొడి మీద ఒక మునిసిపాలిటీయే నిలబడటం విశేషమే. మిల్లు 1990లలో మూతపడింది, ఆ భవనాలను తర్వాత నివాసాలుగా మార్చారు. ఆ 2,455 మందికి కూడా 18వ నియోజకవర్గంలో ఒక సెనేటరు, ఇద్దరు అసెంబ్లీ సభ్యులు, ఎడిసన్‌లోని లక్ష మందికి ఉన్నట్టే.